మ్యాచ్ వీడియోలో నరాల జబ్బు కనిపిస్తుందా? ఒక పీఈటీ సార్ ప్రశ్నకు జవాబు

సార్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొత్తగా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. మీరు చిత్తూరు దగ్గర హైస్కూల్లో పీఈటీ. మీ దగ్గర ఆట నేర్చుకుని ఇప్పుడు డిగ్రీ చదువుతున్న 19 ఏళ్ల కుర్రాడు కబడ్డీలో కార్నర్, అంటే డిఫెన్స్ వరసలో చివర నిలబడి ఆడతాడు. నాలుగైదు నెలలుగా యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) వేసినా రైడర్ కాలు అతని కుడిచేతిలోంచి జారిపోతోంది. పొద్దున చలిలో ప్రాక్టీసు చేస్తే మరీ ఎక్కువ, ఎండెక్కాక కొంచెం నయం. ఇంట్లో దిష్టి అంటున్నారు, టీమ్‌లో బద్ధకం అంటున్నారు. ఆటగాళ్ల కదలికల వీడియోలను కంప్యూటర్‌తో విశ్లేషించి పార్కిన్సన్స్ (వణుకు, కదలికలు నెమ్మదించడం), ఏఎల్ఎస్ (కండరాలను నడిపే నరాలు క్రమంగా దెబ్బతినడం) లాంటి జబ్బులను ముందే పట్టేయొచ్చని మీరెక్కడో చదివారు. మీ దగ్గర మూడేళ్ల మ్యాచ్ వీడియోలున్నాయి, ఏ యాప్ వాడాలి అని అడిగారు.

నేను తిరుపతిలో ఫిజియోథెరపిస్టుని. 23 ఏళ్లుగా ఎక్కువగా చూసింది ఆటగాళ్లనే, పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌లో, సాయంత్రం క్లినిక్‌లో. వీడియో తీసి కదలికలు కొలవడం మొదలుపెట్టి పన్నెండేళ్లు దాటింది. నేను న్యూరాలజిస్టుని (నరాల డాక్టరుని) కాదు కాబట్టి మీ అబ్బాయికి ఫలానా జబ్బు అని ఇక్కడ చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. పొద్దున చలికి ఎక్కువ, ఎండెక్కాక నయం అన్నారు చూడండి, అక్కడ. ఆ సంగతి చివర్లో వివరంగా రాస్తాను, దయచేసి అక్కడిదాకా చదవండి.

ముందు మీరడిగినదానికి సూటిగా జవాబు. వీడియో చూసి జబ్బు పేరు చెప్పడం కుదరదు, ఏ యాప్ చెప్పినా నమ్మకండి. కానీ మార్పు వచ్చిందా లేదా, వస్తే ఏ వైపు వచ్చింది, ఎప్పటి నుంచి వచ్చింది, ఈ మూడూ వీడియో చెప్పగలదు, మనిషి నోటితో చెప్పేదానికంటే నమ్మకంగా చెప్పగలదు. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే మొదట అడిగేది "ఎన్నాళ్ల నుంచి?" అనే కదా. అప్పుడు అబ్బాయి ఒకటి చెప్తాడు, వాళ్లమ్మ ఇంకోటి చెప్తుంది, నాన్నగారు "మొన్న సంక్రాంతి నుంచి" అంటారు. మీ దగ్గర మూడేళ్ల వీడియోలున్నాయంటే తేదీలతో సహా సాక్ష్యం ఉన్నట్టే. చాలామంది పేషెంట్లకు ఆ అదృష్టం లేదు.

కదలిక చూసి నరాల జబ్బు గుర్తించడం కొత్తేమీ కాదు. జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆ జబ్బు గురించి రాసినప్పుడు చెప్పింది ఆరుగురి గురించి, అందులో కొందరు ఆయనకు లండన్ వీధుల్లో ఎదురైనవాళ్లే. పరుగెత్తే గుర్రాన్ని ముక్కలు ముక్కలుగా ఫొటోలు తీసిన మైబ్రిడ్జ్, 1885లో ఫిలడెల్ఫియాలో డెర్కమ్ అనే న్యూరాలజిస్టుతో కలిసి నడక దెబ్బతిన్న రోగులను అలాగే ఫొటోలు తీశాడు. 1898 నుంచి బుఖారెస్ట్‌లో మారినెస్కు అనే డాక్టరు రోగుల నడకను సినిమా కెమెరాతోనే చిత్రించాడు. ఇప్పుడు కొత్తగా వచ్చిందల్లా, ఆ పని మన చేతిలో ఉన్న ఫోను చేయగలగడం, కీళ్లు ఎక్కడెక్కడున్నాయో ప్రోగ్రామే గుర్తుపట్టి లెక్కలు కట్టడం.

ఆటగాళ్ల విషయంలో నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణలు రెండు. మొదటిది లూ గెరిగ్, అమెరికా బేస్‌బాల్ ఆటగాడు. వరసగా 2130 మ్యాచ్‌లు ఆడి, 1939 మే 2న తనంతట తనే తప్పుకున్నాడు. ఆ జూన్‌లో ఏఎల్ఎస్ అని తేలింది, 1941లో చనిపోయాడు. 1937లో 0.351 ఉన్న అతని బ్యాటింగ్ సగటు (బేస్‌బాల్‌లో ఇది హిట్ల వాటా, క్రికెట్ సగటు లాంటిది కాదు) 1938లో 0.295కి పడింది, అంటే జబ్బు ఆటలోకి ముందే వచ్చేసిందని ఇప్పుడు వెనక్కి చూస్తే అనిపిస్తుంది. అయితే 1938 జనవరిలో అతను ఒక సినిమాలో నటించాడు. చాలా ఏళ్ల తర్వాత న్యూరాలజిస్టులు ఆ సినిమాలో అతని చేతులనూ నడకనూ జాగ్రత్తగా పరిశీలించి, ఆ సమయానికి అతను మామూలుగానే ఉన్నాడని తేల్చారు. ఇక్కడ వీడియో చేసిన పని గమనించండి. జబ్బును పట్టుకోలేదు, ఫలానా నెల దాకా బయటికి కనిపించే తేడా లేదు అని ఒక హద్దు గీసింది. డాక్టర్లకు అది చిన్న విషయం కాదు.

రెండోది బాక్సర్ మహమ్మద్ అలీ. 1984లో 42 ఏళ్ల వయసులో పార్కిన్సన్స్ అని చెప్పారు. 2017లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అతని పాత ఇంటర్వ్యూలు తీసుకుని మాట వేగాన్ని కొలిచారు. 26 ఏళ్ల వయసుకీ 39 ఏళ్ల వయసుకీ మధ్య వేగం 26 శాతం తగ్గింది. అంటే జబ్బు పేరు బయటపడడానికి చాలా ముందే మాటలో మార్పు రికార్డై ఉంది. వాళ్లు అలీని ఇంకెవరితోనో పోల్చలేదు, అలీతోనే పోల్చారు. మీరు కూడా ఇదే చేయాలి సార్. మీ కుర్రాణ్ణి టీమ్‌లో మిగతావాళ్లతో పోలిస్తే ఏమీ తెలియదు. కార్నర్ ఆడేవాడికి ఒక చేయి బలంగా ఉంటుంది, లాంగ్ జంప్ వాళ్లకు ఒక కాలు, ఫాస్ట్ బౌలర్‌కి ఒంట్లో సగం ఒకలా సగం ఒకలా ఉంటుంది. ఆటే ఒంటిని ఒక పక్కకి లాగేస్తుంది. అందుకే రెండేళ్ల క్రితం నాటి అతనితోనే ఇప్పటి అతన్ని పోల్చాలి.

ఇన్నేళ్లలో నాకు తెలిసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది, దీన్ని ఏ యాప్ కూడా చెప్పలేదు. మంచి ఆటగాడు బలహీనతను బయటపడనివ్వడు. కావాలని దాస్తాడని కాదు, ఒళ్లే సర్దుకుపోతుంది. వేళ్లలో పట్టు తగ్గితే మోచేతిని కొక్కెంలా వాడడం మొదలుపెడతాడు. పాదం పైకి లేవకపోతే మోకాలు కొంచెం ఎక్కువ ఎత్తుతాడు. కుడిచేయి ఆలస్యమైతే ఎడమచేయి ముందు వెళ్తుంది. స్కోరు తగ్గదు, కోచ్‌కి తెలియదు, చాలాసార్లు వాడికే తెలియదు. ఎంత ప్రతిభ ఉంటే అంత ఎక్కువ కాలం సర్దుకోగలడు. కాబట్టి మీరు పాత వీడియోల్లో వాడు ఎక్కడ తప్పుతున్నాడని వెతకకండి. వాడి అలవాటు ఎప్పుడు మారిందో వెతకండి. మూడేళ్ల క్రితం కాలిమడమ దగ్గర వేళ్లతో బిగించేవాడు, ఇప్పుడు ముంజేతితో చుట్టేస్తున్నాడా? రైడర్ ఏ వైపు నుంచి వస్తే దూకుతున్నాడు, ఏ వైపు వస్తే వెనక్కి తగ్గుతున్నాడు? చైన్‌లో పక్కవాడి చేయి పట్టుకునే చేయి మార్చాడా? నేనైతే వరసగా ఇరవై ముప్పై ట్యాకిల్స్ కత్తిరించి, తేదీల ప్రకారం పేర్చి, ధ్వని తీసేసి చూస్తాను. ధ్వని ఉంటే కూత, విజిల్, జనం కేకలు మన దృష్టిని స్కోరు మీదికి లాగేస్తాయి.

ఈ సర్దుబాటు ఎంత మోసం చేస్తుందో నాకు బాగా నేర్పిన మనిషి ఒకాయన ఉన్నారు. యాభై దాటినాయన, వారానికోసారి అలిపిరి మెట్లెక్కి కొండకి నడిచి వెళ్లేవారు. 3550 మెట్లు, ఆయాసం లేదు. ఎడమ భుజం పట్టేసిందని నా దగ్గరికొచ్చారు. అందరూ ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, నేనూ అదే అనుకుని వ్యాయామాలు చేయించాను. భుజం కదలిక బాగానే తిరిగొచ్చింది. కానీ ఒకరోజు ఆయన నడక వీడియో తీస్తే ఎడమచేయి ఒంటికి అతుక్కుపోయినట్టుంది, ఊగడం లేదు. "చేయి ఊపుతూ నడవండి" అంటే చక్కగా ఊపారు. మాటల్లో పెట్టి, మనవరాలి చదువు గురించి అడుగుతూ నడిపిస్తే మళ్లీ ఆగిపోయింది. కీలు పాడైతే చెప్పినా చెప్పకపోయినా కదలదు. చెప్తే కదిలి, వదిలేస్తే ఆగిపోతోందంటే గొడవ కీలులో లేదు, దాన్ని తనంతట తాను నడిపించే మెదడు భాగంలో ఉంది. వాళ్లింట్లో ఏడాదిన్నర కిందటి పెళ్లి వీడియో తెప్పించి చూశాం. ఊరేగింపులో నడుస్తున్నప్పుడు అప్పటికే ఆ చేయి కదలడం లేదు, భుజం నొప్పి ఇంకా మొదలు కాకముందే. ఆ రెండు క్లిప్పులతో న్యూరాలజిస్టు దగ్గరికి పంపాను, పార్కిన్సన్స్ అని తేలింది. ఆయన ఇప్పటికీ నడుస్తున్నారు, మందులు వేసుకుంటున్నారు.

ఇంకోసారి దీనికి పూర్తిగా ఉల్టా జరిగింది. ఒక కాలేజీ బౌలర్ కుడిచేయి నడకలో ఊగడం లేదని వాళ్ల కోచ్ కంగారుపడి వీడియో పంపాడు, ఇంట్లోవాళ్లు రాత్రంతా ఏడ్చారు. వీడియోలో అతని కుడిచేతిలో ఫోన్ ఉంది! ఫోన్ పట్టుకున్న చేయి ఎవరికైనా తక్కువే ఊగుతుంది. నీళ్ల బాటిల్, కిట్ బ్యాగ్, బండి తాళాలు కూడా అంతే.

అందుకే తీసే పద్ధతి ముఖ్యం. ఫోన్ చేత్తో పట్టుకోకండి, స్టాండ్ లేకపోతే రెండు ఇటుకల మధ్య బిగించండి, నడుము ఎత్తులో, నడిచే దారికి సరిగ్గా పక్క నుంచి. ఏటవాలుగా తీస్తే అడుగు పొడవు తప్పుగా వస్తుంది. జూమ్ వద్దు. సెకనుకి 60 ఫ్రేములు పెట్టండి, పరుగుకైతే 120 లేదా 240. సాయంత్రం వెలుతురు తగ్గాక తీస్తే ఫోన్ ప్రతి ఫ్రేమునీ ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, చేయి మసక గీతలా అయిపోతుంది, కాబట్టి పొద్దున ఎనిమిది తర్వాతే తీయండి. వదులు ట్రాక్ ప్యాంట్ వేసుకుంటే మోకాలు ఎక్కడుందో మనిషికే తెలియదు, ప్రోగ్రామ్‌కి ఏం తెలుస్తుంది, షార్ట్స్ వేయించండి. నేల మీద ముగ్గుపిండితో ఐదు మీటర్లకు రెండు గీతలు గీయండి, అదే మీ స్కేలు. పాత మ్యాచ్ వీడియోలకు ఆ అవసరం కూడా లేదు, కోర్టు గీతలే స్కేలు. మగవాళ్ల కోర్టు 13 మీటర్లు, 10 మీటర్లు, నడిమి గీత నుంచి బాక్ లైన్ 3.75 మీటర్లు, అక్కడి నుంచి బోనస్ లైన్ ఇంకో మీటరు. ఊరి పోటీల్లో కోర్టు కొలతలు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి అధికారిక మ్యాచ్‌ల వీడియోలకే ఈ లెక్క వాడండి. ఇంకోటి, వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన వీడియో పనికిరాదు, అది బాగా కుదించి పంపుతుంది. తీసినవాళ్ల ఫోన్ నుంచి అసలు ఫైలు తెప్పించుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపమనండి.

యాప్ కంటే మంచిది కంప్యూటర్‌లో వేసుకునే కినోవియా అనే సాఫ్ట్‌వేర్, ఉచితంగా దొరుకుతుంది, ఫ్రేము ఫ్రేముగా ఆపి కోణాలూ సమయమూ కొలుచుకోవచ్చు. మీకు ఇది చాలు. కీళ్లను తనంతట తాను గుర్తించేవి కావాలంటే గూగుల్ వారి మీడియాపైప్ ఉంది, ఒంటి మీద 33 బిందువులు, ఒక్కో చేతికి 21 బిందువులు గుర్తిస్తుంది. నేను చేతివేళ్ల పరీక్షకు అది వాడతాను. కానీ కబడ్డీ మ్యాచ్ వీడియో మీద దాన్ని నమ్మొద్దు. ఏడుగురు ఒకడి మీద పడితే ఎవరి కాలు ఎవరిదో దానికి తెలియదు, కుడి ఎడమలు తారుమారు చేసేస్తుంది. ఒంటరిగా నడిచేటప్పుడు కూడా కీలు ఉన్న చోటుకీ అది చూపించే చోటుకీ కొన్ని సెంటీమీటర్ల తేడా రావచ్చు. నడిచేటప్పుడు మామూలు మనిషి కాలివేళ్లకీ నేలకీ మధ్య ఉండే ఎడమే ఒకటి రెండు సెంటీమీటర్లు. ఆ ఎడం తగ్గిందో లేదో చెప్తానని ఏ యాప్ అంటే ఏం నమ్ముతాం?

ఏం రికార్డు చేయాలి అంటే, నేను చేయించేవి కొన్నే. పది మీటర్లు నడిచి, తిరిగి, వెనక్కి రావడం. తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెడతాను. మళ్లీ అదే నడక, ఈసారి 100 నుంచి ఏడేసి తీసేస్తూ పైకి చెప్పమంటాను. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ వీలైనంత వెడల్పుగా, వీలైనంత వేగంగా పదిసార్లు తాటించడం, ముందు ఒక చేయి, తర్వాత ఇంకోటి. ఈ చివరిది న్యూరాలజిస్టులు పార్కిన్సన్స్ కొలతల్లో వాడేదే, 0 నుంచి 4 దాకా మార్కులేస్తారు. అక్కడ వేగం ఒక్కటే చూడకూడదు, మొదటి తాటింపులో వేళ్ల మధ్య ఎంత ఎడం ఉంది, పదో దాంట్లో ఎంత ఉంది, మధ్యలో ఎక్కడైనా తడబడి ఆగిందా అన్నదే అసలు సంగతి. అలసిపోతే ఎవరికైనా తగ్గుతుంది, కానీ అలసట రెండు చేతులకీ ఇంచుమించు ఒకేలా వస్తుంది. జబ్బు చాలాసార్లు ఒక పక్కనుంచి మొదలవుతుంది. ప్రాక్టీసుకు ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి తీస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది.

ఇది చదివి టీమ్ మొత్తానికి, స్కూలు మొత్తానికి ఇలా పరీక్ష చేసేద్దాం అనుకునేవాళ్లకు ఒక మాట. వెయ్యి మంది పిల్లల్లో ఒకరికే జబ్బు ఉందనుకుందాం. నూటికి 95 సార్లు సరిగ్గా చెప్పే గొప్ప యాప్ ఉందనీ అనుకుందాం. ఆ ఒక్కరినీ అది పట్టుకోవచ్చు, కానీ మిగతా 999 మందిలో దాదాపు 50 మందికి లేని జబ్బు ఉందని చెప్తుంది. యాభై ఇళ్లల్లో ఏడుపులు. జిల్లా మీట్‌కి వచ్చిన పిల్లలందరినీ ఇలా వడబోయడం అన్యాయం. కోచ్‌కో, తల్లికో, ఆటగాడికో ముందే ఒక అనుమానం ఉండి, దాన్ని సరిచూసుకోవడానికి వాడితేనే వీడియోకి విలువ.

ఇంకా ముఖ్యం, ఆ వీడియో ఎక్కడికి వెళ్తుంది అన్నది. "మావాడికి నరాల జబ్బేమో చూడండి" అని కోచ్‌ల గ్రూపులో పెట్టారంటే సెలెక్షన్‌లో వాడి పేరు కొట్టేసినట్టే. అమ్మాయిలైతే పెళ్లి సంబంధాల దాకా వెళ్తుంది, నేను చూశాను. పద్దెనిమిది నిండనివాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అని 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా చెప్తోంది. చట్టం సంగతి అలా ఉంచినా, మీ అబ్బాయికి 19 ఏళ్లు, వాడితో ముందు మాట్లాడి, వాడు సరేనంటేనే తీయండి, మీరు, వాడు, డాక్టరు తప్ప ఎవరూ చూడకూడదు. ఊరూపేరూ తెలియని యాప్‌లలో అప్‌లోడ్ చేయొద్దు.

ఇప్పుడు మీ అబ్బాయి.

19 ఏళ్లకి పార్కిన్సన్స్ చాలా చాలా అరుదు, అది ఎక్కువగా 60 దగ్గర మొదలయ్యే జబ్బు. ఏఎల్ఎస్ కూడా ఆ వయసులో అరుదు. మీరు ఆ రెండు పేర్లూ చదివి భయపడ్డారు, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. కుర్రవాళ్లలో వణుకు, తడబాటు, మాట ముద్దగా రావడం ఉంటే డాక్టర్లు ముందు విల్సన్ జబ్బు చూస్తారు, ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు, మేనరికాలు ఎక్కువున్న మన వైపు దాన్ని మరిచిపోకూడదు, త్వరగా పట్టుకుంటే మందులున్నాయి. కానీ మీరు రాసింది వణుకు కాదు, ఒక చేతిలో పట్టు తగ్గడం, అదీ చలికి ఎక్కువవడం.

ఎనిమిదేళ్ల కిందట నా దగ్గరికి ఒక వాలీబాల్ కుర్రాడొచ్చాడు, మదనపల్లె వైపు నుంచి, సెట్టర్. వేళ్లతో బంతి సెట్ చేస్తుంటే కుడివైపు జారుతోందన్నాడు. పొద్దున చలికి వేళ్లు సాగడం లేదు, సార్, బకెట్ నీళ్లలో చేయి పెడితే చొక్కా గుండీలు పెట్టుకోలేను అన్నాడు. నేను మణికట్టు బెణుకు తాలూకు బలహీనత అనుకున్నాను. రబ్బరు బంతి నొక్కించాను, బరువులు ఎత్తించాను, ఆరు నెలలు. ఆ ఆరు నెలలూ వాడి చేయి సన్నబడుతూనే ఉంది. మధ్యలో ఒక చోట మెడ ఎమ్మారై తీస్తే మామూలుగా ఉందన్నారు, దాంతో నేను ఇంకా ధైర్యంగా అదే వైద్యం కొనసాగించాను. చివరికి పెద్దాసుపత్రిలో ఒక న్యూరాలజిస్టు మెడ ముందుకు వంచి మళ్లీ ఎమ్మారై తీయించారు. హిరయామా జబ్బు. ఆ ఆరు నెలలు నా వల్ల పోయాయి, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, ఇంత పొడుగ్గా రాస్తున్నది కూడా అందుకే.

ఈ జబ్బును జపాన్‌లో హిరయామా అనే డాక్టరు 1959లో వివరించారు. ఎక్కువగా 15 నుంచి 25 ఏళ్ల లోపు మగపిల్లలకు వస్తుంది. మెడ వంచినప్పుడు వెన్నుపామును చుట్టి ఉండే పొర ముందుకు జరిగి, మెడ కింది భాగంలో వెన్నుపామును నొక్కుతుంది. చేతి కండరాలను నడిపే నరకణాలు అక్కడే ఉంటాయి, అవి మెల్లగా దెబ్బతింటాయి. తల నిటారుగా పెట్టి తీసే మామూలు ఎమ్మారైలో ఇది తప్పిపోవచ్చు. నొప్పి ఉండదు, తిమ్మిరి ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కొన్నేళ్లు పెరిగి చాలామందిలో తనంతట తానే ఆగిపోతుంది, కానీ ఆగేలోపు పోయిన కండ తిరిగి రావడం కష్టం. తొందరగా పట్టుకుంటే మెడ వంగకుండా కాలర్ వేసి ఆ నష్టాన్ని తగ్గించే ప్రయత్నం చేస్తారు. ఇది మనకు దూరపు జబ్బేమీ కాదు. ఒక చేయో ఒక కాలో మాత్రమే సన్నబడే కేసుల గురించి 1984లో బెంగళూరులో నరాల, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో డాక్టర్ గౌరీదేవి బృందం రాసి, మోనోమెలిక్ అమయోట్రఫీ అని పేరు పెట్టింది. చేయి సన్నబడే ఈ రకాన్ని మన దేశపు న్యూరాలజిస్టులు తరచుగానే చూస్తుంటారు.

మీ అబ్బాయికి ఇదే అని నేను అనడం లేదు సార్. మోచేతి దగ్గర నరం నొక్కుకోవడం కావచ్చు, మెడ డిస్క్ కావచ్చు, మెడ దగ్గర అదనపు పక్కటెముక కావచ్చు. చేతి మీద స్పర్శ తెలియని మచ్చ ఉంటే కుష్ఠు కూడా చూడాలి, దానికి పీహెచ్‌సీలోనే ఉచితంగా మందులిస్తారు, సిగ్గుపడాల్సిన పని లేదు. ఇవన్నీ వేరుచేసి చెప్పాల్సింది డాక్టరు. రేపు పొద్దున మీరు చేయాల్సింది ఒకటే. అబ్బాయి రెండు చేతులూ మోచేతి దాకా ఒకే బల్ల మీద, ఒకే వెలుతురులో పెట్టించి ఫొటో తీయండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు ఉండే కండ కుడిచేతిలో పల్లంగా ఉందా, ముంజేయి చిటికెనవేలి వైపు సన్నబడిందా చూడండి. తర్వాత చేతులు ముందుకు చాచి వేళ్లు విడదీసి పట్టుకోమని ముప్పై సెకన్లు వీడియో తీయండి, వేళ్లలో చిన్న చిన్న అదురు ఉంటే అందులో తెలుస్తుంది. పొద్దున చలిలో పిడికిలి బిగించి విప్పడం ఒకసారి, మధ్యాహ్నం ఎండలో మళ్లీ ఒకసారి. నీళ్లలో ఐస్ వేసి పరీక్షలు మాత్రం చేయకండి.

తేడా కనిపించినా కనిపించకపోయినా ఈ వారంలోనే న్యూరాలజిస్టుకి చూపించండి, ఎముకల డాక్టరు దగ్గర ఆగిపోకండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ ఉంది, చిత్తూరు నుంచి మీకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఇంకా దగ్గర. లోపలికి వెళ్లినప్పుడు "చలికి పట్టు తగ్గుతోంది" అన్న మాట మీరే మొదట చెప్పండి, అబ్బాయి చెప్పడు. ఇంతకుముందే ఎమ్మారై తీసి ఉంటే అది మెడ వంచి తీసిందా లేదా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

అప్పటిదాకా కుర్రాణ్ణి మ్యాట్ మీదికి పంపొద్దు. ట్యాకిల్‌లో మీద నలుగురు పడి మెడ ముందుకు వంగిపోయే ఆట ఇది. బరువులు, పట్టు పెంచే వ్యాయామాలు కూడా ఆపించండి. టీమ్‌లో బద్ధకం అంటున్నవాళ్లతో మీరు ఒక్క మాట మాట్లాడితే వాడికి సగం బరువు తగ్గుతుంది.

డాక్టరు దగ్గరికి మూడేళ్ల వీడియోలన్నీ పట్టుకెళ్లకండి, ఆయనకు అంత టైమ్ ఉండదు. మూడు క్లిప్పులు చాలు, ఒక్కోటి ఇరవై సెకన్లు. బాగా ఆడుతున్నప్పటిది ఒకటి, చేతి అలవాటు మారినట్టు మీకు మొదట అనిపించినది ఒకటి, ఈ వారం తీసింది ఒకటి. ఫైలుకి వాడి పేరు పెట్టకండి, తేదీ పెట్టండి. ఆ రెండో క్లిప్ ఏ నెలదో దొరికాక ఇక్కడ రాయండి, క్లిప్ పెట్టొద్దు, నెల మాత్రం చెప్పండి, నేను చూస్తూ ఉంటాను.